సగం బస్సులో తీసిన సినిమా

మహిళలకు బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైన మరుసటి ఏడాది, వానాకాలంలో తరగతులు తెరిచిన నెలలో, ఇబ్రహీంపట్నం పక్కన శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో విజిటింగ్ ఫ్యాకల్టీగా చేరాను. వారానికి రెండు రోజుల పని. ఇంజనీరింగ్ పిల్లలు తమ కోర్సుతో సంబంధం లేని పాఠం ఒకటి ఎంచుకోవాలన్న నియమం ఉంది. అలా ఎంచుకునే పాఠాల్లో నాది 'మీడియా ప్రొడక్షన్'. యోగా తరగతి నిండిపోగా మిగిలినవాళ్లు నా దగ్గరికి వచ్చేవారు.

అంతకు ముందు నా ఉద్యోగమంతా హైదరాబాదులో సీరియళ్ల నిర్మాణంలో గడిచింది. ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశాను. ఆ మాట వినగానే చాలామందికి కాఫీలు, టిఫిన్లు, కార్లు గుర్తొస్తాయి. అవి పైకి కనిపించే భాగం. దర్శకుడు కాగితం మీద రాసుకున్నదాన్ని ఏ రోజు, ఎక్కడ, ఎవరితో, ఏ వస్తువులతో తీయగలమో ముందే తేల్చడం మా అసలు పని. ఈ శాఖలో ఒక నిచ్చెన ఉంటుంది. ప్రొడక్షన్ బాయ్, అసిస్టెంటు, మేనేజరు, ఆ పైన కంట్రోలరు. నేను చేరిన రోజుల్లో ఆ నిచ్చెన మీద ఆడవాళ్లు లేరు. కాస్ట్యూమ్స్‌లో చేరితే నీడపట్టున ఉండొచ్చని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు. నేను ఎండలోనే ఉన్నాను. ఆయన రిటైరయ్యాక ఆయన కుర్చీ నాకే ఇచ్చారు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, శేరిగూడలో నేను చేసిన పని ఆవేశంలో చేసిందని తరువాత కొందరు అన్నారు. ఆవేశం కాదు. అది నా అలవాటు.

సెమిస్టరు చివరికి పిల్లలంతా కలిసి ఒక పొట్టి సినిమా తీయాలి. దాన్ని కాలేజీ వార్షికోత్సవంలో ప్రదర్శిస్తారు. కథ వాళ్లే తేవాలి. హాస్టల్లో దయ్యం, ఫోన్ల పిచ్చి, ఫస్ట్ ర్యాంకు ప్రేమ, ఇలాంటివి చాలా వచ్చాయి. అందరూ అయిపోయాక వెనక వరసలోంచి ఎస్తేరు లేచింది. మూడో సంవత్సరం కంప్యూటర్ సైన్స్. వాళ్ల ఊరు యాచారం దాటి లోపలికి ఉంటుంది. తండ్రి లేడు. తల్లి కమలమ్మ పత్తి చేలల్లో కూలికి వెళ్తుంది. తరగతిలో అడిగితే తప్ప మాట్లాడని పిల్ల.

"మా అమ్మకు మోకాళ్ల నొప్పులు మేడం. హయత్‌నగర్ దవాఖానకు తీస్కపోయి వస్తున్నం. ఇబ్రహీంపట్నంల బస్సు మారినం. ఇద్దరికి సీట్లు దొరికినయ్. నడుమ ఒకాయన ఎక్కి, 'పైసలు పెట్టి టికెట్ కొన్నోళ్లం నిలవడాల్నా, ఫిరీగ వచ్చినోళ్లు కూసోవాల్నా? లే' అన్నడు అమ్మను."

"మీ అమ్మ ఏమంది?"

"ఏమనలే. లేసింది."

ఎస్తేరు బెంచీ అంచు పట్టుకుని నిలబడింది.

"నేను గూడ లేసిన మేడం. నన్నెవ్వలు లెమ్మనలే. అయినా లేసిన. ఎందుకు లేసిన్నో నాకు ఇప్పటికీ సమజైత లేదు."

ఆమె రాసిన కథ ఇంతే. బస్సులో తల్లీ కూతుళ్లు. ఒక మనిషి తల్లిని లేపుతాడు. కూతురు కూడా లేవబోయి ఆగిపోతుంది. మళ్లీ కూర్చుంటుంది. అతను ఆమెనూ లేవమంటాడు. "నేను లెవ్వ" అంటుంది. లేవను అనడానికి అక్కడి మాట అది. సినిమా పేరు కూడా అదే పెట్టింది, 'లెవ్వ'. తరగతి చేతులెత్తి ఆ కథనే ఎంచుకుంది. మెకానికల్ చదివే నవీన్ కెమెరా తీసుకున్నాడు. కూతురి వేషానికి శ్రావణి ముందుకొచ్చింది. తల్లి వేషానికీ, ఆ మనిషి వేషానికీ సీరియళ్లలో నాకు తెలిసిన ఇద్దరు చిన్న నటులను నేను మాట్లాడతానన్నాను.

కథ ఖాయమైతే మా శాఖ మొదట చేసే పనిని స్క్రిప్ట్ బ్రేక్‌డౌన్ అంటారు. కథను వాక్యం వాక్యంగా విప్పి, తీయడానికి ఏమేం కావాలో వేరుచేయడం. అప్పుడు నేను పిల్లల్ని ఒకే ప్రశ్న అడుగుతాను: ఇందులో ఏది తీసేస్తే కథ చచ్చిపోతుంది? అది ఖాయం చేసుకున్నాక మిగతావాటికి ప్రత్యామ్నాయాలు వెతుక్కోవచ్చు. ఈ కథలో జవాబు వెంటనే వచ్చింది. బస్సు, నిండుగా జనం.

నడుస్తున్న బస్సులో షూటింగ్ ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. కెమెరాకు చోటుండదు, వెలుతురు నిమిషానికోలా మారుతుంది, ప్రతి స్టాపులో కొత్త మొహాలు ఎక్కుతాయి. షూటింగ్ కోసం ప్రత్యేకంగా బస్సు తీసుకోవాలంటే పై ఆఫీసు అనుమతి, ముందుగా కట్టే ధరావతు ఉంటాయి. ఆ నిబంధనలు పెద్ద కంపెనీల కోసం పెట్టినవి. పిల్లలకు అందేవి కావు. కాబట్టి కాలేజీ బస్సు ఒకటి అడిగి, కదలకుండా నిలబెట్టి తీద్దామనుకున్నాం. దానికి కాలేజీ సెక్రటరీ సంతకం కావాలి. ఆయన చైర్మన్ తమ్ముడు. బస్సులు, కెమెరాలు, ఆడిటోరియం, అన్నీ ఆయన చేతిలోవే.

స్క్రిప్టు చదివి మమ్మల్ని పిలిపించాడు. ఎస్తేరు, నవీన్, నేను వెళ్లాం. కుర్చీ నాకొక్కదానికే వేశారు.

"కథ మంచిగనే ఉంది. ఎండింగ్ ఒక్కటి మార్చుండ్రి" అన్నాడు. "ఆ పిల్లనే లేచి ఆయనకు సీటు ఇస్తది. బస్సంతా చప్పట్లు కొడ్తది. తెర మీద 'మానవత్వం' అని పడ్తది. పెద్దోళ్లొస్తరు వార్షికోత్సవానికి. ఫిరీ బస్సు మీద లొల్లి మనకెందుకు?"

"సార్, అట్లయితే ఆ దినం నేను లేసిందే కరెక్టు అయితది గద" అంది ఎస్తేరు.

ఆయన ఆమె వంక కొత్తగా చూశాడు. "నీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తదా?"

"వస్తది సార్."

"అంటే ఇక్కడ నువ్వు సదువుతున్నది గూడ ఫిరీనే." నవ్వాడు. పక్కన నిలబడ్డ గుమస్తా కూడా నవ్వాడు.

"అవ్ సార్" అంది ఎస్తేరు. "ఇక్కడి నుంచి గూడ లెవ్వ."

నవ్వు ఆగిపోయింది. బస్సు లేదు, కెమెరా లేదు, కాలేజీ పేరు ఎక్కడా పడకూడదు అని ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. తరువాత నా వైపు తిరిగాడు. "మేడం, మీరు సీనియర్లు. జర నచ్చజెప్పుండ్రి."

"కథ మార్చడం మా శాఖ పని కాదండి" అన్నాను. "బస్సు తేవడం మా శాఖ పని. అది నేను చూసుకుంటాను."

ఆ మాట అన్నప్పుడు నా దగ్గర బస్సు లేదు. ఎక్కడినుంచి తేవాలో కూడా తెలియదు. మా వృత్తిలో ముందు మాటిచ్చి తరువాత దారి వెతకడం కొత్తేమీ కాదు. పిల్లల ముందు ఆ సంగతి ఒప్పుకోకపోవడం కూడా వృత్తిలో భాగమే.

బయటికొచ్చేసరికి విషయం తరగతికి చేరిపోయింది. మరుసటి తరగతికి సగం మంది రాలేదు. వచ్చినవాళ్లు కళ్లు దించుకుని కూర్చున్నారు. ఎస్తేరు మాత్రం ముందు వరసలోకి మారింది. నేను బోర్డు మీద బస్సు బొమ్మ గీసి, నిలువుగా మధ్యలో గీత కొట్టాను.

"మనకు బస్సు అక్కర్లేదు. బస్సులో కెమెరా చూసినంత మేర చాలు" అని చెప్పాను. సీరియళ్లలో ఇల్లంతా కట్టరు. కెమెరా తిరగని వైపు గోడే కట్టరు. దాన్ని కట్ సెట్ అంటారు. మన కథకు ఒక పక్క కిటికీలు, కొన్ని వరసల సీట్లు, పైన పట్టుకునే కడ్డీ ఉంటే సరిపోతుంది. రెండో పక్క తెరిచి ఉంచితే కెమెరా అక్కడ నిలబడుతుంది.

నవీన్ వెంటనే అందుకున్నాడు. "మా మామకు లారీ బాడీలు కట్టే షెడ్డుంది మేడం, సాగర్ రోడ్డు మీద. వెల్డింగు నేను జేస్త."

ఆ సాయంత్రమే ఇబ్రహీంపట్నంలో ఆ షెడ్డుకు వెళ్లాం. నవీన్ మేనమామ యాదగిరి చేతులు తుడుచుకుంటూ నా బొమ్మ చూశాడు.

"బస్సులు రిపేర్ జేసిన, లారీలు కట్టిన. సగం బస్సు కట్టుమన్నోళ్లను ఇదే మొదటిసారి జూసుడు" అన్నాడు. "సగం ఎందుకమ్మా, మొత్తం ఇస్తలేరా?"

నవీన్ జరిగింది చెప్పాడు. సెక్రటరీ ఫీజు గురించి అన్న మాట దగ్గరికొచ్చేసరికి యాదగిరి మొహం మారింది. "నా బిడ్డ గూడ గట్లనే సదువుతున్నది" అన్నాడు. తుక్కు దుకాణంలో పాత బస్సు సీట్లు దొరుకుతాయని, ఇనుము తన దగ్గరే ఉందని, ఒక్క షరతు మీద చోటిస్తానని చెప్పాడు. షెడ్డుకు అమావాస్య నాడే సెలవు. లారీలవాళ్లు ఆ రోజు పని ముట్టరు. షూటింగ్ అప్పుడే పెట్టుకోవాలి.

మా పరిశ్రమలో అమావాస్య నాడు కెమెరా తెరిచే నిర్మాతను నేను చూడలేదు. ఆ లెమ్మనే మనిషి వేషానికి నేను మాట్లాడిన సాంబయ్యగారు ఫోన్లోనే బెంబేలెత్తిపోయారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి హయత్‌నగర్లో స్థిరపడిన నాటకాల మనిషి. "అమావాస్య నాడు ముహూర్తమా అమ్మా? పిల్లల సినిమా, మంచిది కాదు" అన్నారు. మంచి రోజుల్లో మొదలుపెట్టి మూలనపడిన సినిమాల పేర్లు కొన్ని ఆయనకే గుర్తుచేశాను. ఒప్పుకున్నారు.

రెండు వారాల్లో సగం బస్సు లేచింది. దాన్ని నేల మీద పెట్టలేదు. లారీ చక్రాల పైన ఉండే కమాన్ పట్టీలు పాతవి తెచ్చి, వాటి మీద చట్రాన్ని కూర్చోబెట్టారు. ఒక మూల ఇనుప పైపు దూర్చి ఇద్దరు నొక్కి వదిలితే గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు ఊగుతుంది. మొదటిసారి అది ఊగినప్పుడు యాదగిరి స్వయంగా ఎక్కి కూర్చుని, "ఆపుండ్రి, నా స్టాపొచ్చింది" అన్నాడు. చట్రం పక్కకు ఒరగకుండా నాలుగు వైపులా గొలుసులు కట్టించాను. మనిషికి దెబ్బ తగిలే అవకాశం ఉంటే షాటే వద్దనడం మేనేజరుకున్న ఏకైక వీటో. కిటికీల అవతల తెల్ల గుడ్డ కట్టి, దాని ముందు వేపకొమ్మలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మోసుకెళ్తే నీడలు కదులుతాయి. ఎండ పడితే చెట్లు వెనక్కి పోతున్నట్టే ఉంటుంది. ఫోన్ కెమెరాకు అది చాలు.

ధ్వని కోసం ఎస్తేరు, శ్రావణి నిజం బస్సులోనే ఇబ్రహీంపట్నం, యాచారం మధ్య తిరిగారు. ఇంజన్, గేరు, కండక్టరు విజిల్, జనం మాటలు అన్నీ రికార్డు చేశారు. "కూసునే చేసినం మేడం" అని శ్రావణి ప్రత్యేకంగా చెప్పింది.

షూటింగ్‌కు ముందు వారం దెబ్బ తగిలింది. ప్రయాణికులుగా కూర్చోవడానికి తరగతి పిల్లలనే అనుకున్నాం. ఇలా గుంపులో కనిపించేవాళ్లను జూనియర్ ఆర్టిస్టులంటారు. ఆ సినిమాలో కనిపించినవాళ్లను క్యాంపస్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు పంపరని తరగతుల్లో నోటిమాటగా చెప్పారు. ఎవరు చెప్పించారో అందరికీ తెలుసు. ఒక్కొక్కరే వచ్చి మన్నించమన్నారు. వాళ్లను నేను తప్పుపట్టలేదు. ఒక్కో ఉద్యోగం వెనక ఒక్కో ఇల్లుంది. కానీ బస్సు ఖాళీ అయిపోయింది. ఖాళీ బస్సులో సీటు కోసం ఎవడూ గొడవపడడు.

ఎస్తేరును, నవీన్‌ను, శ్రావణిని పక్కకు పిలిచి, మీకూ ఆ మాట వర్తిస్తుందని గుర్తుచేశాను. తప్పుకోవాలంటే ఇప్పుడే తప్పుకోవచ్చన్నాను. శ్రావణి నవీన్ వంక చూసింది. నవీన్ వెల్డింగ్ మచ్చలు పడ్డ చేతులు చూపించి, "ఇంత కాల్చుకున్నంక ఏం తప్పుకుంటం మేడం" అన్నాడు. ఎస్తేరు, "జనాన్ని నేను తెస్త" అని మాత్రం అంది.

అమావాస్య రోజు పొద్దున్నే షెడ్డుకు చేరుకున్నాను. సాంబయ్యగారు వేషం చొక్కా ఇస్త్రీ నలగకుండా ఒక డబ్బా మీద కూర్చుని ఉన్నారు. కాసేపటికి యాచారం వైపు నుంచి వచ్చిన బస్సు రోడ్డు మీద ఆగింది. అందులోంచి ఎస్తేరు దిగింది. వెనక ఒక ఆడమనిషి కుంటుతూ దిగింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. కొంగులు నడుముకు చుట్టినవాళ్లు, సద్దిగిన్నెలు పట్టినవాళ్లు, ఒకామె నెత్తిన కూరగాయల గంప. బస్సు సగం ఖాళీ అయిపోయింది.

"మా అమ్మ మేడం" అంది ఎస్తేరు. "వీళ్లంత మా ఊరోళ్లు."

"అమాస గద, చేన్ల పని లేదు" అంది కమలమ్మ. సన్నటి మనిషి. మోకాలికి గుడ్డపట్టీ చుట్టుకుంది. "బస్సుల కూసునుడే పని అంటే అందరొచ్చిన్రు. రోజు జేసేదే గద."

షెడ్డులో సగం బస్సు చూసి అందరూ ఒకేసారి నవ్వారు. గంప ఆమె ఎక్కి సీటు తడిమి చూసి, ఇది మా బస్సు సీటుకంటే మెత్తగుందని తేల్చింది. సాంబయ్యగారితో ఒకసారి రిహార్సల్ చేయించాం. ఆయన కడ్డీ పట్టుకుని గంభీరంగా, "ఏమ్మా, టికెట్ కొన్నవాళ్లం నిలబడాలా? కాస్త లేవండి" అన్నారు.

బస్సంతా గొల్లుమంది.

"అండి గిండి అనరు సారూ" అంది గంప ఆమె. "లెమ్మంటె లెమ్మనుడే. మర్యాదగ అడిగితే నేనే లేద్దును."

"కండ్లు గూడ గట్ల వెట్టరు" అంది ఇంకొకామె. "మమ్ముల జూడకుండ, సీటును జూసుకుంట అంటరు."

సాంబయ్యగారు బుద్ధిగా విన్నారు. నాలుగోసారికి ఆయన గొంతులో ఆ మొరటుతనం వచ్చింది. నవ్వు సద్దుమణిగింది. కమలమ్మ తల తిప్పుకుంది.

అప్పుడే నా ఫోను మోగింది. తల్లి వేషం వేయాల్సిన నటి. సీరియల్ వాళ్లు హఠాత్తుగా పిలిచారట, రాలేనంది. ఆ కబురు ఎలా వస్తుందో, రోజు కూలీ మీద బతికే నటి దాన్ని ఎందుకు కాదనలేదో నాకు తెలుసు. సరేనని ఫోన్ పెట్టేశాను. ఎస్తేరుకు చెప్పాను. ఆమె నేరుగా తల్లి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, నువ్వే చేస్తవా?"

"ఏం జెయ్యాలె?"

"కూసోవాలె. ఆ సారు లెమ్మంటడు. నువ్వు లేస్తవ్. గంతే."

కమలమ్మ బస్సు వంక చూసింది. "కూసుంట. లెవ్వ."

"లేస్తేనే కథ అమ్మా. గట్లనే జరిగింది గద."

"జరిగింది నాకెరుక లేదా?" కమలమ్మ గొంతు పెద్దది కాలేదు. "ఒక్కపారి లేసిన బిడ్డా. మోకాలు నొప్పి గాదు, లేసిందే నొచ్చింది. ఉత్తుత్తి బస్సుల గూడ నన్నే లేపుతవా?"

ఎస్తేరు నా చేయి పట్టుకుని షెడ్డు బయటికి తీసుకొచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి, కానీ ఏడుపు లేదు.

"సెక్రటరీ సార్ మార్చుమంటే మార్చలే. ఇంత లొల్లి జేసి, బస్సే కట్టుకున్నం. ఇప్పుడు అమ్మ మార్చుమంటున్నది. అప్పుడు మార్చనిది ఇప్పుడెట్ల మార్చాలె మేడం? జరిగింది జరిగినట్టు జూపియ్యాల్నని గద రాసిన."

సెట్లో కథ గురించి ప్రొడక్షన్ మాట్లాడకూడదు. నా సర్వీసంతా ఆ గీత దాటలేదు. అందుకే మొదట నా పరిధిలో ఉన్నదే చెప్పాను. వచ్చినవాళ్లలో ఇంకొకామెను తల్లిగా కూర్చోబెట్టవచ్చు. లేదా నటి కోసం వచ్చే అమావాస్య దాకా ఆగవచ్చు. లేదా కమలమ్మతోనే, ఆమె చెప్పినట్టు తీయవచ్చు. ఏదైనా ఏర్పాటు చేయగలను. ఎంచుకోవలసింది దర్శకురాలు.

"మీరైతే ఏం జేస్తరు?"

అడిగిన తరువాత దాటవేయడం నాకు చేతకాదు. "సెక్రటరీ కథలో పిల్లను లేపమన్నాడు. మీ అమ్మ లేవనంటోంది. రెండూ మార్పులే. ఆ రెండూ ఒకటేనా, నువ్వే చెప్పు" అన్నాను.

ఎస్తేరు లోపలికెళ్లి శ్రావణిని పిలిచింది. "నీ డైలాగ్ పోయింది. ఆయన అమ్మను లెమ్మంటడు. నువ్వు భయపడి లేవవోతవ్. సగం లేస్తవ్. అమ్మ లెవ్వది. నువ్వు మల్ల కూసుంటవ్."

శ్రావణి ఆ డైలాగు కోసమే వేషం ఒప్పుకున్న పిల్ల. అయినా "సరే" అంది.

యాదగిరి, ఇంకొక కుర్రాడు పైపు పట్టుకున్నారు. వేపకొమ్మలు కదిలాయి. కమలమ్మ కిటికీ పక్కన, శ్రావణి ఆమె పక్కన. సాంబయ్యగారు వచ్చి కడ్డీ పట్టుకున్నారు. ఆడవాళ్లు చెప్పినట్టే, మనిషిని చూడకుండా సీటును చూస్తూ ఆ మాట అన్నారు. శ్రావణి తుళ్లిపడి పైకి లేవబోయింది. కమలమ్మ ఆయన వైపు తిరగలేదు. చేతిలో ఉన్న సంచిని ఒళ్లోకి జరుపుకుంది. కిటికీ బయటికి చూస్తూనే, "లెవ్వ" అంది. గట్టిగా కాదు, ఆలస్యంగా కాదు. శ్రావణి అలాగే సగంలో ఆగి, మెల్లగా కూర్చుంది. సాంబయ్యగారు ఇంకోసారి అనాలి. అనకుండానే కడ్డీ మీంచి చేయి దించేశారు.

కట్ చెప్పాల్సింది దర్శకురాలు. ఎస్తేరు చెప్పలేదు. నవీన్ ఫోను పట్టుకుని అలాగే ఉన్నాడు. బస్సు ఊగుతూనే ఉంది. చివరికి కమలమ్మే ఇటు తిరిగి, "అయిందా బిడ్డా?" అని అడిగింది.

సినిమాలో ఆ ప్రశ్నకు ముందు వరకే ఉంచారు.

మిగతా షాట్లు ఎండ ఉండగానే ముగించి, ఆడవాళ్లను వాళ్ల బస్సుకు ఎక్కించాం. ఎడిటింగు పిల్లలే చేసుకున్నారు. వార్షికోత్సవంలో ఆ సినిమా వేయలేదు. మేమూ అడగలేదు. యాదగిరి షెడ్డులో, ఎస్తేరు వాళ్ల ఊరి ప్రార్థనామందిరం ముందు గోడ మీద వేశాం. తరువాత నగరంలో ఒక విద్యార్థి చిత్రోత్సవానికి పంపితే ఎంపికైంది. బహుమతి రాలేదు. కానీ ఆ సంగతి ఒక పేపరు జిల్లా పేజీలో, మా సగం బస్సు ఫోటోతో సహా వచ్చింది.

ఆ పేపరు టేబులు మీద పెట్టుకుని సెక్రటరీ మమ్మల్ని మళ్లీ పిలిచాడు. ఈసారి ఎస్తేరుకూ కుర్చీ వేశారు. సినిమా మొదట్లో కాలేజీ పేరుతో ఒక సమర్పణ కార్డు వేయాలని, అడ్మిషన్ల సమయంలో బాగుంటుందని ఆయన చెప్పాడు. కెమెరా కూడా కొత్తది కొంటామన్నాడు.

"పేరు ఎక్కడా పడొద్దన్నది మీరే గద సార్" అంది ఎస్తేరు. "మీ మాటే పాటించినం."

"అప్పటి సంగతి వేరు."

"మాకు వేరు గాదు సార్."

ఆమె నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ఆయన నన్ను ఉండమన్నాడు. వచ్చే సెమిస్టరు నా నియామకం కాగితం తన దగ్గరే ఉందని, పిల్లకు నచ్చజెప్పితే సంతకం పెట్టేస్తానని అన్నాడు. కథ మార్చడమే కాదు, నచ్చజెప్పడం కూడా మా శాఖ పని కాదని చెప్పి లేచాను. నా ఉద్యోగ జీవితంలో అదే చివరి రోజు. పదవీ విరమణ సభ, శాలువా ఏమీ జరగలేదు. వాటి అవసరం కనిపించలేదు.

ఇంటర్వ్యూల బెదిరింపు అమలు కాలేదు. నోటితో అన్నదాన్ని కాగితం మీద పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. ముగ్గురూ కోర్సు పూర్తిచేశారు. ఎస్తేరు ఉద్యోగం చేస్తోంది, ఇంకో కథ రాసుకుంటోంది. ఎప్పుడైనా ఫోన్ చేసి షెడ్యూలు ఎలా వేయాలని అడుగుతుంది, చెబుతాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను సలహా అడిగితే ఈ ఉదంతమే చెబుతాను. ప్రణాళిక వేసేవాళ్లకు ప్రతి అడ్డంకీ ఒకేలా కనిపిస్తుంది. ఏదో రకంగా దాటేయాలనిపిస్తుంది. అది పొరపాటు. అధికారం చేతిలో ఉన్నవాళ్లు వద్దంటే, వాళ్లు ఇవ్వనిదాన్ని మనం తయారుచేసుకోవాలి. దానికి తెలివి, ఓపిక చాలు. కథ ఎవరి మీద జరిగిందో వాళ్లు వద్దంటే మాత్రం దాటకూడదు. షూటింగ్ ఆపి, వాళ్లు చెప్పింది విని, షెడ్యూలు మళ్లీ రాయాలి. ఈ రెండు కాదనడాల తేడా తెలియకుండా నేను చాలా ఏళ్లు సమర్థురాలిననే పేరు తెచ్చుకున్నాను. తెలిశాక ఒకే ఒక్క సినిమాకు పనిచేశాను.